నర్సరీ ఆరింటికి మూస్తారు

పోయిన నెల ఒక గురువారం, ఇక్కడ ఇంగ్లండు ఆసుపత్రిలో. నా డ్యూటీ ఐదింటికే అయిపోయినా ఒక పేషెంట్‌ను వదల్లేక వార్డులోనే ఉన్నా. మా కన్సల్టెంట్, అంటే నా పై సీనియర్ డాక్టర్, వచ్చి నా చేతిలో బ్లీప్ (డ్యూటీ డాక్టర్‌ను పిలిచే పేజర్) తీసుకుని, "నర్సరీ ఆరింటికి మూస్తారు కదా, బయల్దేరు" అంది. నర్సరీ అంటే ఇక్కడ పసిపిల్లల్ని చూసుకునే చోటు. సంతోషించాల్సింది పోయి నా మొహం మాడిపోయింది. ప్రసవ సెలవు నుంచి వచ్చి మూడు వారాలే. నా వల్ల కాదనుకుందా? కారులో దారంతా ఇదే టెన్షన్.

మర్నాడు అడిగేశా. ఆవిడకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "నీ టైమ్‌టేబుల్‌లో ఉన్నదేగా" అంది.

నిజమే, ఇంగ్లండులో అన్నీ రాసుంటాయి. సెలవు 52 వారాల దాకా పెట్టుకోవచ్చు. మధ్యలో చెయ్యి మర్చిపోకుండా 10 రోజులు వచ్చి పనిచేసి పోవచ్చు. తిరిగొచ్చాక కొన్నాళ్లు పక్కన ఒకరుంటారు, ఒంటరిగా నైట్ డ్యూటీ వెయ్యరు. నేనిప్పుడు ఫుల్‌టైమ్‌లో 80 శాతమే పనిచేస్తున్నా, ట్రైనింగ్ అంతమేర పొడుగవుతుంది, అంతే. వీటన్నిటికీ మీటింగులు, ఫారాలు. ఫారం చూసి దణ్ణం పెట్టాలనిపించదు కదా, అదీ నా బాధ.

ఒంగోలులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా యూనిట్ మేడమ్ ఉండేది. నెల్లూరావిడ. కుట్లు వేస్తూ నా చెయ్యి వణికితే "ఏమ్మే, నిద్రపోతన్నావా?" అని అందరి ముందూ అరిచింది. డ్యూటీ రూములో కూర్చుని ఏడ్చా. అదే రాత్రి రెండింటికి ఒకామెకు కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఇంటినుంచి పరిగెత్తుకొచ్చి, గర్భసంచిని రెండు చేతుల మధ్య ఎలా నొక్కిపట్టాలో నా చేతులు పట్టుకుని నేర్పింది. తెల్లారాక తన క్యారియర్‌లో ఇడ్లీ నాకే పెట్టింది. ఆ ఏడే కందుకూరుకు ఫోన్ చేసి మా నాన్నతో, "పీజీ సీటు వచ్చేదాకా సంబంధాలు చూడబాకండి" అని చెప్పింది. కలెక్టరు చెప్పినా వినడు మా నాన్న, మేడమ్ మాట విన్నాడు. పీజీ అయింది, బయటి డాక్టర్లు ఇక్కడ పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష రాశా, ఇక్కడికొచ్చి మళ్లీ ట్రైనీనయ్యా. ఇక్కడి సూపర్‌వైజర్ ఎవరైనా మా నాన్నకు ఫోన్ చేస్తారా? చేస్తే వాళ్ల ఉద్యోగమే పోతుందేమో!

ఇదంతా గొప్పగా చెబుతుంటే కన్సల్టెంట్ శ్రద్ధగా విని, "మరి ఆవిడ ఫోన్ చెయ్యని వాళ్లో?" అంది.

ఏదో సర్దిచెప్పా. కానీ మా రూమ్మేట్ గుర్తొచ్చింది. చదువులో నాకంటే మిన్న. వేరే యూనిట్‌లో పడింది. హౌస్ సర్జన్సీ అవగానే పెళ్లి, మరుసటేడు కాన్పు, పీజీ ఎంట్రన్స్ రెండుసార్లు తప్పిపోయింది. ఇప్పుడు దర్శిలో అత్తగారి నర్సింగ్ హోమ్‌లో బిల్లులు చూసుకుంటోంది. 2017లో మన దగ్గరా ప్రసవ సెలవు 12 వారాల నుంచి 26కు పెంచారు కదా అంటాడు మా ఆయన. ఉద్యోగం ఉన్నదానికి కదా సెలవు!

మా మేడమ్‌ను తక్కువ చేయడం నావల్ల కాదు. ఆవిడ మాత్రం ఎంతమంది నాన్నలకని ఫోన్ చేస్తుంది?

ఆ ఆదివారమే రూమ్మేట్‌కు ఫోన్ చేశా. ఎమ్మార్‌సీఓజీ (ఇక్కడి గైనకాలజీ పరీక్ష) మొదటి పార్టుకు పీజీ అక్కర్లేదు, మన దేశంలోనే రాయొచ్చు, నేను చదివిస్తానన్నా. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకు, అక్కడ రాత్రి తొమ్మిదికి, పిల్లలు పడుకున్నాక కూర్చుంటుంది. మొన్న ఎంబ్రియాలజీ ప్రశ్న అడిగితే నీళ్లు నమిలింది.

"ఏమ్మే, నిద్రపోతన్నావా?" అనేశా.

అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత పిల్లలు లేస్తారని కూడా చూడకుండా పగలబడి నవ్వింది.