వెలుతురు కనబడిన మడత: మా అటక నిచ్చెన కథ

సంక్రాంతికి బొమ్మల కొలువు డబ్బాలు దించబోయి కాలు జారింది. పడలేదు గానీ, కింద స్టూలు నిచ్చెన పట్టుకున్న మా ఆవిడ "ఇక ఈ సర్కస్ చాలండీ" అనేసింది. డాలస్ దగ్గర మా ఇల్లు 1970ల నాటిది. అటకకి దారి అంటే వరండాలో సీలింగుకి ఉన్న చిన్న మూత ఒక్కటే. ఆఖరి మెట్టు మీద నిలబడి, మోచేతుల మీద ఒళ్లు పైకి లాక్కోవాలి.

సీలింగులోంచి కిందికి విప్పుకునే మడత నిచ్చెన బిగించడానికి పనివాళ్లు చెప్పిన రేటు విని, నేనే చేస్తానన్నాను. డబ్బాలు ఫిబ్రవరి దాకా గదిలోనే ఉండిపోయాయి. వేసవి వస్తే ఆ అటకలో మనిషి ఉడికిపోతాడు కాబట్టి అంతకంటే ఆలస్యం చేయలేను.

కొయ్యడానికి ముందు పైకెక్కి చూశాను. ఫ్యాక్టరీలో చేసిన ట్రస్సులైతే (కప్పుని మోసే ముక్కోణపు చెక్క చట్రాలు) ఇంజనీరు చెప్పనిదే ఒక్క కర్రనీ ముట్టుకోకూడదు, కప్పు బరువంతా వాటిమీదే. మావి పాత పద్ధతి జాయిస్టులు, అంటే సీలింగుని పట్టి ఉంచే అడ్డదూలాలు, 16 అంగుళాలకొకటి. నిచ్చెన బిగించి ఉండే చెక్క పెట్టెకేమో 22.5 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల పొడవు కావాలి. జాయిస్టులు 24 అంగుళాలకొకటి ఉన్న ఇళ్లలో ఏదీ కొయ్యకుండానే సరిపోతుంది. మాకు ఒక జాయిస్టు కొయ్యక తప్పలేదు. వడ్రంగం తెలిసిన మిత్రుణ్ని పిలిచి చూపించి, సిటీ పర్మిట్ సంగతి కనుక్కుని, కింద ఊతకర్రలు నిలబెట్టాకే రంపం పట్టాను. కోసిన రెండు చివర్లకీ అడ్డంగా జంట కర్రలు బిగించాం. వేడి ఆపే ఇన్సులేషన్ పొర కింద కరెంటు వైరు ఒకటి దొరికింది. ముందే వెతకబట్టి బతికాం!

పెట్టె పైకెత్తడం ఇద్దరి పని. సీలింగుకి కింద నుంచి రెండు పలకలు కొట్టి, రంధ్రంలోకి అంగుళం జొచ్చేలా ఉంచాం. పెట్టె వాటిమీద కూర్చుంటే బావమరిది పైనుంచి బిగించాడు. మూలనుంచి మూలకి రెండు కొలతలూ ఒకటయ్యేదాకా చిన్న చెక్కముక్కలు దూర్చాం. గోడ బోర్డులకి వాడే సన్న స్క్రూలు ఇక్కడ పనికిరావు, బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. మూడంగుళాల లాగ్ స్క్రూలే, అంటే బరువు మోసే లావాటి స్క్రూలే వాడాం. అవన్నీ పడేదాకా నిచ్చెన విప్పలేదు.

అసలు తప్పు చివర్లో చేశాను. కింది భాగం కాళ్లు నేలకి సరిపోయేలా కొయ్యాలి. ముందంచు ఒక కొలత, వెనకంచు ఒక కొలత, రెంటినీ కలిపే ఏటవాలు గీత మీద కోత. ఎక్కువ కోస్తే అతకలేం కదా అని అరంగుళం అదనంగా వదిలాను. నిచ్చెన విప్పితే నాకు బాగానే కనిపించింది. ఒక మెట్టెక్కాను కూడా.

ఊరినుంచి వచ్చిన మా నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "ఒరేయ్ ఆగు, ఆ మడత దగ్గర వెలుతురు కనబడుతోంది" అన్నారు.

వంగి చూస్తే నిజమే. కాళ్లు పొడుగవడంతో కీలు దగ్గర రెండు భాగాలూ కలవలేదు. కర్రకి కర్ర ఆనాల్సిన చోట సందు ఉంటే, నా బరువంతా కీళ్ల మీదా బోల్టుల మీదా పడుతుంది. నిచ్చెన మీద 300 పౌండ్లని రాసి ఉందే గానీ, అది సందు లేకుండా నిలబడినప్పటి మాట. పైగా మనిషి, చేతిలో డబ్బా కలిపి ఆ లెక్క. దిగి, నిచ్చెనని పెట్టెకి పట్టి ఉంచే పక్క చేతులు పూర్తిగా సాగేలా లాగి మళ్లీ కొలిచి, పావంగుళం చొప్పున రెండుసార్లు కోశాను. నాన్న మడతలో కాగితం దూర్చి చూశారు. దూరలేదు.

మూత చుట్టూ రబ్బరు పట్టీ, పైన ఇన్సులేషన్ గుడారం పెట్టేసరికి చీకటి పడింది. మర్నాడు బొమ్మల డబ్బాలు ఒక్కొక్కటే పైకి చేరాయి. మా ఆవిడ నిచ్చెన పట్టుకోలేదు గానీ, ఆఖరి డబ్బా వెళ్లేదాకా కిందే నిలబడింది.