క్రోధి చివరి మూడు రోజులు

క్రోధి నామ సంవత్సరం ముగిసేలోగా శ్రీశైలానికి నడిచి వెళ్లాలని నిశ్చయించుకున్నప్పుడు, ఆ పేరేదో నాకే పెట్టినట్టుందని నవ్వుకున్నాను. అమ్మ వైద్యపు ఖర్చుల లెక్క దగ్గర తమ్ముణ్ణి నలుగురిలో దొంగ అని నిందించి అప్పటికి ఏడాది కావస్తోంది. లెక్క తప్పింది నాదేనని వారానికే తెలిసినా నోరు విప్పలేదు.

2025 మార్చి 27న వెంకటాపురం దగ్గర నల్లమల కాలిబాట పట్టాను. ఉగాది ముందు ఆ దారి నిండా కన్నడ భక్తులే. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా ఎంచి, చీర, పసుపు కుంకుమలు మూటగట్టుకుని రోజుల తరబడి నడిచి వస్తారు. నాగలూటి, పెద్దచెరువు దాటేదాకా నేను తలచుకున్నది చేసిన తప్పును కాదు, దానికి చెప్పుకోగల సాకులను. భీముని కొలను లోయలోకి దిగే మెట్ల మీద ఇక అడుగు పడక కూర్చుండిపోతే, ఒక కన్నడ పెద్దాయన చిట్లిన బొబ్బ మీద పసుపు అద్ది, పాత పంచె పీలిక చుట్టి, నా పాదాన్ని కళ్లకద్దుకున్నాడు. కంగారుగా కాలు వెనక్కి లాక్కున్నాను. "మల్లయ్య" అని మాత్రం అని, కర్ర అందుకుని దిగిపోయాడు.

కైలాసద్వారం ఎక్కి, హాటకేశ్వరం మీదుగా సాక్షి గణపతి దగ్గరకు చేరాను. చేతిలో కలం, పుస్తకం పట్టుకున్న ఆ స్వామి, వచ్చినవారి పేర్లు రాసుకుంటాడని నమ్మకం. ఎందుకు వచ్చారో కూడా రాస్తాడేమోనన్న బెరుకుతో అక్కడ ఎక్కువసేపు నిలవలేకపోయాను. ఆ రాత్రి దుమ్ము కాళ్లతోనే మల్లన్న ధూళిదర్శనం చేసుకున్నాను.

మర్నాడు కొత్త అమావాస్య. పాతాళగంగలో మునిగి, "మమోపాత్త సమస్త దురితక్షయ" అని సంకల్పం మొదలుపెట్టి, "సమస్త" దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లూ పాపాలన్నిటినీ మూటగట్టి ఆ ఒక్క మాటలో ఒప్పుకోవడం ఎంతో సులువుగా ఉండేది. వాటిలో ఒక్కదాన్ని విప్పి పేరుపెట్టి చెప్పమంటే గొంతు పెగలలేదు. మోకాలి లోతు కృష్ణలో నిలబడి, తమ్ముణ్ణి అన్న ఆ మాటను అన్నది అన్నట్టుగా పైకి పలికాను.

తడిబట్టలతోనే మెట్ల మీద కూర్చుని వాడికి ఫోన్ చేసి, లెక్క తప్పింది నాదేనని, ఆ సంగతి ఎప్పుడో తెలుసునని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"నడిచే వెళ్లావా అన్నయ్యా? కాళ్లెలా ఉన్నాయి?" అన్నాడు.

బొబ్బలెక్కాయని చెప్పాను.