మూలాపేట ముగ్గుల నుంచి చీమకుర్తి బండల దాకా

ధనుర్మాసంలో నెల్లూరు వీధుల్ని ఫొటో తీయాలనుకుంటే తెల్లవారుజామున ఐదింటికల్లా మూలాపేటలో ఉండాలి. డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా వాకిళ్లలో రోజుకో కొత్త ముగ్గు పడుతుంది. ఏడున్నర దాటిందంటే పాలబండ్లు, స్కూలు ఆటోలు దాన్ని తొక్కేస్తాయి. జనవరి మొదట్లో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే, కాబట్టి బొమ్మా వెలుగూ రెండూ కుదిరే సమయం గంటకు మించదు. ఈ పనికి ఒంటరిగా తిరగడమే మేలు. కెమెరాలు పట్టుకుని నలుగురు ఒక్కసారిగా సందులోకొస్తే వాకిట్లో ఉన్న ఆడవాళ్లు లోపలికెళ్లిపోతారు. ఒక్కరే వస్తే, ఎవరు నువ్వు, యాడి నుంచి వచ్చావని అడుగుతారు.

నా సంచిలో 24, 50 మిల్లీమీటర్ల లెన్సులు, ఒక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు), గాలి బ్లోయర్, రెండు జిప్ కవర్లు, మెత్తటి నూలుగుడ్డ ఉంటాయి. ఈ దారికి అంతకు మించి అక్కర్లేదు.

ముగ్గు సంగతి తెలిస్తేనే ఫొటో సంగతి తెలుస్తుంది. కళ్లాపి చల్లగానే నేల మీద నీళ్లు నిలిచి ఉంటే పిండి ఆ నీటిని తాగేసి గీత బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే నీళ్లు ఇంకి, నేల చెమ్మగా ఉన్నప్పుడే చుక్కలు పెడతారు. గీత పైభాగం ఆరి తెల్లబడి, కింద నేల ఇంకా నల్లగా ఉండే పది పదిహేను నిమిషాల్లోనే నలుపు తెలుపుల తేడా బాగా కనబడుతుంది. నేల పూర్తిగా ఆరితే, ముఖ్యంగా సిమెంటు రోడ్డు మీద, ముగ్గు వెలవెలబోతుంది. ముగ్గురాయి పొడి గట్టి తెలుపు. బియ్యప్పిండి కొంచెం మీగడరంగులో ఉంటుంది, కాసేపటికే చీమలు చేరతాయి. దగ్గరగా తీసేవాళ్లకు ఆ చీమల బారే ఒక బొమ్మ.

పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందుచుక్క (రెండు చుక్కల సందులో ఒక చుక్క) పెట్టిన ముగ్గు ఒకటి ఉందనుకోండి. మధ్య వరసలో 15, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా; అన్నీ కలిపితే 169 చుక్కలు. దాన్ని నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే ఆరు మూలల బొమ్మ నలిగిపోయినట్టు వస్తుంది. మోనోపాడ్ చివర కెమెరా బిగించి, టైమర్ పది సెకన్లకు పెట్టి, లెన్సు నేలకు సూటిగా ఉండేట్టు తలపైకి ఎత్తి పట్టుకోవాలి. నేల నుంచి మూడు మీటర్ల ఎత్తు అందితే ఫుల్‌ఫ్రేమ్ (36×24 మిల్లీమీటర్ల సెన్సరు) కెమెరా మీద 24 లెన్సు నాలుగున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు పట్టేస్తుంది. చాలా వాకిళ్లకు అది సరిపోతుంది. ఇది పొద్దు పొడవక ముందే కానివ్వాలి, తర్వాత మన నీడే ముగ్గు మీద పడుతుంది.

వేసే చేతిని తీయాలంటే లెక్క వేరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటుంది. షట్టర్ వేగం సెకనులో 1/30 వంతు దగ్గర అది సన్నని పొగలా వస్తుంది, 1/250 దగ్గర రేణువులుగా ఆగిపోతుంది. పొద్దు పొడిచే వేళకు లెన్సు రంధ్రం ఎఫ్4, ఐఎస్‌ఓ (సెన్సరు వెలుగును పట్టే శక్తి) 1600 పెడితే 1/60 చుట్టుపక్కల వస్తుంది. రేణువులు కావాలంటే ఐఎస్‌ఓ 6400 దాకా పోవాల్సిందే. నాకు పొగే ఇష్టం, చెయ్యి కదులుతున్నట్టు ఉంటుంది. ఇంకో చిక్కు వీధి లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచితే ఇబ్బంది లేదు, 1/500 పెడితే ఫొటోకు అడ్డంగా నల్లచారలు పడతాయి.

అడగకుండా తీయకూడదు. "అమ్మా, ముగ్గు ఫొటో తీసుకోమంటారా?" అంటే ఎక్కువగా వచ్చే జవాబు, "పూర్తయినాక తీసుకో నాయనా, సగం ముగ్గు ఎవరన్నా తీస్తారా?" ఆ తర్వాత, "ముగ్గు తీసుకో, నన్నొద్దు." అన్నారంటే ముఖం లేకుండా చేతులు, గాజులు, పిండిగిన్నె వరకే. పూర్తయిన ముగ్గును ముందు తీసి స్క్రీన్ మీద చూపిస్తే, మరుసటిరోజు సగంలో ఉన్నప్పుడు తీయనివ్వడానికి వాళ్లే ఒప్పుకుంటారు. ముగ్గుకన్నా ముగ్గేసే చెయ్యి కనబడే ఫొటోకే నా దృష్టిలో విలువ ఎక్కువ. ఉత్త డిజైన్లు కావాలంటే ముగ్గుల పుస్తకాల్లో వేలున్నాయి.

కారం దోశ తినేసి చిన్నబజారు వైపు వెళ్తే షాపులు తెరవకముందే చేరాలి. షట్టర్ల మీద చేత్తో రాసిన పేర్లు, బొమ్మలు షట్టర్ దించి ఉన్నంతసేపే కనబడతాయి, పది దాటితే అన్నీ పైకి చుట్టుకుపోతాయి. షట్టరుకు అడ్డంగా మడతలుంటాయి కాబట్టి ఎండ నేరుగా పడితే ప్రతి మడతకూ ఒక మెరుపు గీత వస్తుంది. నీడపట్టున ఉన్నవి ముందు తీసి, ఎండలోవి మబ్బు పట్టిన రోజుకు వదిలేయడం మంచిది. ఎనామిల్ రంగు మెరుపును పోలరైజర్ చాలావరకు తగ్గిస్తుంది, కాకపోతే గోడకు ఎదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా నిలబడాలి.

గోడరాతల్ని ఉన్నది ఉన్నట్టు తీయాలంటే కెమెరా గోడ మధ్య ఎత్తులో, గోడకు సమాంతరంగా ఉండాలి. పైకెత్తి తీస్తే అక్షరాలు వెనక్కి పడిపోతున్నట్టుంటాయి. మూడు మీటర్ల వెడల్పు గోడకు 50 లెన్సుతో నాలుగు మీటర్ల పైచిలుకు దూరం కావాలి, 24తో రెండు మీటర్లు చాలు. సందులు ఇరుకు కాబట్టి సాధారణంగా 24 వాడాల్సి వస్తుంది. సున్నం కొట్టిన గోడను కెమెరా బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజరు ఒక స్టాపు (అంటే వెలుగు రెట్టింపు) పెంచుకోవాలి.

రాసేవాళ్లు దొరికితే ఆ పూటంతా అక్కడే ఉండొచ్చు. సుద్ద పూసిన దారాన్ని రెండు చివర్లా బిగబట్టి లాగి వదిలితే గోడ మీద తిన్నని గీత పడుతుంది. ఎడమచేతిలో కర్ర గోడకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టి చదును కుంచెతో దిద్దుతారు. మన అక్షరాల గుండ్రాన్ని ఎడమ సగం ఒక దెబ్బ, కుడి సగం ఒక దెబ్బ. ఆ రెండూ కలిసే చోటును పక్క నుంచి, కుంచె అంచు కనబడేట్టు తీయాలి. ఫ్లెక్సీలొచ్చాక ఈ పని బాగా తగ్గింది, అందుకే ప్రతి ఫొటోకూ వీధి పేరు, తేదీ రాసిపెడతాను.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వాన వెలిసిన వెంటనే పాత గోడల్ని ఒకసారి చూడండి. తడిసిన సున్నం పారదర్శకమై, కింద కప్పేసిన పాత ఎన్నికల గుర్తులు, సినిమా పేర్లు, ఎరువుల ప్రకటనలు ఒకదాని మీద ఒకటి పైకి తేలతాయి. గోడ ఆరగానే మళ్లీ మాయం. నెల్లూరులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మలివే.

మైపాడు సముద్రతీరం నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్లు. పడవల రంగుల కోసమైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్లాలి. ఆ 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం కాబట్టి, వాటిని ఒడ్డుకు లాగి మరమ్మతులు చేసి, కొత్త రంగులు వేసుకునే అదను అది. వేట సాగే రోజుల్లోనైతే చేపల వేలంపాట, వలలు దులపడం దొరుకుతాయి. పాట జరుగుతుంటే గుంపు వెలుపలే నిలబడండి, లోపల దూరితే వాళ్ల బేరం చెడుతుంది. మన సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. ఉదయం ఒడ్డు వైపు నుంచి తీస్తే పడవ నల్లటి నీడబొమ్మే. రంగు కావాలంటే తడి ఇసుకలోకి దిగి సముద్రానికి వీపు పెట్టాలి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత రావాలి.

ఉప్పుగాలి లెన్సును పాడుచేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పురవ్వలు గాజును గీకేస్తాయి. ముందు బ్లోయర్, తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డ, ఆఖరున పొడిగుడ్డ. ఏసీ గదిలోంచి నేరుగా తీరానికి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. బయటికి రాకముందే కెమెరాను జిప్ కవర్లో మూసి, బయట అరగంట ఉంచి తెరవాలి.

ఒంగోలు రైల్లో దాదాపు 120 కిలోమీటర్లు. కొత్తపట్నం తీరంలోనూ ఇదే పద్ధతి, కొత్తగా చెప్పేదేం లేదు. కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి మాత్రం వేరే లోకం. ఇక్కడి బ్లాక్ గెలాక్సీ గ్రానైటులో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైటు అనే ఖనిజం పలుకులు. పాలిష్ పట్టిన ముక్కను పక్కవెలుగులో కొంచెం కొంచెం తిప్పుతూ తీస్తే ఒక్కో కోణంలో కొన్ని చుక్కలే వెలుగుతాయి. నాకు కావలసింది మాత్రం లారీల మీద పోయే పచ్చిబండలు. వాటి మొహాల మీద రంగుతో నంబర్లు, కొలతలు ఉంటాయి. తొందరగా వేసిన ఆ లావు అంకెలు నాకు ఏ గోడబొమ్మకూ తీసిపోవు. క్వారీలోకి అనుమతి లేకుండా దిగకూడదు. లోతుతో ప్రమాదం, పేలుళ్లూ ఉంటాయి. టీకొట్ల దగ్గర ఆగిన లారీలే చాలు, డ్రైవరన్నను అడిగి తీసుకోవచ్చు. బండ నల్లది కాబట్టి ఇక్కడ ఎక్స్‌పోజరు ముప్పావు స్టాపు తగ్గించాలి. రోడ్డంతా రాతిదుమ్ము, లెన్సు మార్చడాలు ఒంగోల్లోనే ముగించుకుని 50 బిగించి బయల్దేరండి.