కప్లర్ అరిగిందంటే ముందు జార్‌ని చూడండి

మోటారు తిప్పుడును జార్‌లోని బ్లేడుకు అందించే పళ్ల ముక్కే కప్లర్; మోటారు మీద ఒకటి, జార్ కింద ఒకటి ఉంటాయి. మిక్సీలో అది అరిగిపోతే చాలామంది కొత్తది తెచ్చి బిగించి, పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లకు అదీ అరుగుతుంది. అప్పుడు కప్లర్ నాసిరకమని తిట్టుకుంటారు. ఆ చిన్న ముక్క తరఫున నాలుగు మాటలు రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. దాన్ని అంత తొందరగా అరగదీసే కారణం ఎక్కువసార్లు జార్ అడుగున దాక్కుని ఉంటుంది.

మా మిక్సీ సంగతే చూడండి. స్విచ్ తిప్పగానే మోటారు గొంతు ఒక్కసారిగా పైకి లేచేది, జార్‌లో ఉన్నది మాత్రం కదిలేది కాదు. మోటారు పోయిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకు ఆ శబ్దమే ధైర్యమిచ్చింది. మిక్సీల్లో సాధారణంగా ఉండేది కార్బన్ బ్రష్‌లతో నడిచే యూనివర్సల్ మోటారు. బరువు లేనప్పుడు దాని వేగం పెరిగిపోతుంది. నిమిషానికి 15,000 చుట్లు దాటడం మామూలే. బరువు పడితే వేగం తగ్గి శబ్దం బొంగురుపోతుంది. బ్లేడు కదలకుండా మోటారు కీచుమంటోందంటే మోటారుకు ఏమీ కాలేదు, మధ్యలో పట్టు తప్పింది. అలా కాక మోటారు మూలుగుతూ, కాసేపటికి మిక్సీ అడుగున ఉన్న ఓవర్‌లోడ్ బటన్ బయటికి పొడుచుకొచ్చి ఆగిపోతే, కప్లర్ పట్టుకునే ఉంది, జార్‌లోనే ఏదో బిగుసుకుంది. ఈ రెండు శబ్దాల తేడా పట్టుకుంటే రోగం సగం తెలిసినట్టే.

ప్లగ్గు తీసి, జార్ ఎత్తి చూస్తే కప్లర్ చుట్టూ నల్లటి పొడి, కాలిన రబ్బరు వాసన. మోటారు మీది కప్లర్ పళ్లు గుండ్రంగా అరిగిపోయాయి, అదీ ఒక వైపే. ఏ వైపు అరిగిందో చూస్తే మోటారు ఏ దిశలో తిరుగుతోందో తెలుస్తుంది. జార్‌ని తోసే ముఖమే అరుగుతుంది కదా.

జార్‌ని ఎత్తి పెట్టుకోవాలి కాబట్టి మోటారుకూ బ్లేడుకూ మధ్య విడిపోయే అతుకు తప్పదు. ఆ అతుకును చాలా మిక్సీల్లో రబ్బరుతోనో నైలాన్‌తోనో కావాలనే మెత్తగా చేస్తారు. మోటారుదీ బ్లేడుదీ, తిరిగే రెండు కడ్డీలు (షాఫ్టులు) ఒకే గీతలో లేకపోయినా కాస్త సర్దుకుంటుంది, అదురును తనలో దిగమింగుకుంటుంది. బ్లేడు హఠాత్తుగా ఇరుక్కుంటే ఫ్యూజు తీగలా ముందు తానే తెగి, మోటారు చుట్టలను కాలిపోనివ్వదు. అందుకే మెత్తని కప్లర్ తీసేసి లోహపుది పెట్టుకుంటే శాశ్వతంగా ఉంటుందన్న సలహాను నేను ఒప్పుకోను. లోహపు కప్లర్‌కు తగ్గట్టు తయారైన మిక్సీలు వేరు. మెత్తనిదాని కోసం తయారైన మిక్సీకి లోహపుది తగిలిస్తే, ఈసారి దెబ్బ షాఫ్టుకో మోటారుకో తగులుతుంది.

ఇప్పుడు ఊడదీయడం. ఇక్కడే చాలామంది బలం ఉపయోగించి కప్లర్‌ని విరగ్గొడతారు. ఏ వైపు తిప్పాలన్నది గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఆలోచిస్తే చాలు. బ్లేడు మీద పడే భారం మోటారు కప్లర్‌ని ఎప్పుడూ వెనక్కి లాగుతుంటుంది. ఆ లాగుడుకు మర ఇంకా బిగుసుకునేలా చేస్తారు, లేకపోతే వాడిన ప్రతిసారీ వదులై ఊడి పడేది. కనుక మోటారు ఏ వైపు తిరుగుతుందో ఆ వైపుకే తిప్పితే కప్లర్ ఊడుతుంది. మా మోటారు పైనుంచి చూస్తే సవ్యదిశలో తిరుగుతుంది. దాని మీదిది ఎడమ మర, అంటే మామూలు మరకు ఎదురుగా, సవ్యదిశలో తిప్పితే ఊడేది. అలవాటు చొప్పున అపసవ్యదిశలో తిప్పి ఉంటే ఇంకా బిగుసుకునేది.

జార్ కిందిది కూడా మరతో బిగించినదైతే, లెక్క తలకిందులవుతుంది. అక్కడ కప్లరే షాఫ్టును తోస్తుంది, అందువల్ల మోటారు దిశకు ఎదురు తిప్పాలి. అయితే జార్‌ని బోర్లించి చూస్తాం కాబట్టి దిశ మళ్లీ మారిపోతుంది. చివరికి కప్లర్‌కు ఎదురుగా నిలబడి తిప్పే చేతికి రెండూ ఒకే వైపు! నాకు ఈ ఏర్పాటు చూస్తే ఎంతో ముచ్చటేస్తుంది.

మోటారు షాఫ్టు కదలకుండా పట్టుకోవాలి. అడుగు మూత విప్పితే కొన్ని మిక్సీల్లో షాఫ్టు చివర స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది, మాదానికి ఉంది. మర మొండికేస్తే హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి తగిలిస్తే ప్లాస్టిక్ వ్యాకోచించి వదులవుతుంది. జార్ వైపు పనిచేసేటప్పుడు బ్లేడును మందపాటి గుడ్డతో పట్టుకోండి. కప్లర్ కింద పలుచని వాషర్ ఉంటే దాన్ని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి. జార్ కారితే ఆ నీరు షాఫ్టు వెంట మోటారులోకి దిగకుండా ఆపేవాటిలో అదొకటి.

కొత్త కప్లర్ బిగించే ముందు అసలు పని ఒకటుంది. జార్‌ని బోర్లించి, కింది కప్లర్‌ని వేలితో తిప్పాను. తేలిగ్గా తిరగాల్సినది గరగరమంటూ ఆగి ఆగి తిరిగింది. షాఫ్టును పక్కలకు ఊపితే కొంచెం ఊగింది కూడా. సీలు పాతబడి, జార్‌లోని ద్రవం షాఫ్టు వెంట బుష్‌లోకి, అంటే షాఫ్టు తిరిగే గొట్టం లాంటి ముక్కలోకి దిగి, అక్కడే ఎండి తుప్పుతో కలిసి గట్టిపడింది. బుష్‌లో బిగుసుకున్న షాఫ్టును తిప్పలేక కప్లర్ పళ్లు జారాయి. ఊగే షాఫ్టు వల్ల రెండు కప్లర్లూ సరిగ్గా ఒకదానిలో ఒకటి కూర్చోలేదు. తినే వస్తువు తగిలే చోటు కాబట్టి మెషిన్ ఆయిల్ పోసి సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. బుష్, సీలు, షాఫ్టు కలిసిన బ్లేడు సెట్టునే మార్చాను. జార్ కప్లర్ కూడా కొత్తదే వేశాను, ఎందుకంటే అరిగిన పళ్లు కొత్త పళ్లను త్వరగా కొరికేస్తాయి.

కొనేటప్పుడు పళ్ల సంఖ్య ఒక్కటే కాదు, మర వ్యాసం, కప్లర్ ఎత్తు కూడా పాతదానితో సరిపోవాలి. ఎత్తు తక్కువైతే పళ్ల కొసలే అందుకుంటాయి, ఆ కాస్త చోటే భారమంతా మోస్తుంది. ఎక్కువైతే జార్ పూర్తిగా కూర్చోదు. బిగించడానికి చేతి బలం చాలు, మిగతాది మోటారే బిగించుకుంటుంది. మరకు జిగురు రాయకండి, మళ్లీ ఎప్పుడో ఊడదీయాలి.

ముందు నీళ్లు పోసి, అన్నిటికంటే తక్కువ వేగంతో కాసేపే నడిపి చూశాను. జార్ అడుగు పొడిగా ఉంది, మోటారు గొంతు ఎక్కడా ఎగసిపడలేదు. ఇక మా ఇంట్లో వాడే పద్ధతి ఒక్కటి మారింది: మోటారు పూర్తిగా ఆగాకే జార్ ఎత్తుతున్నాం, తిరుగుతుండగా ఎత్తితే పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. కడిగినప్పుడల్లా కింది కప్లర్‌ని వేలితో ఒకసారి తిప్పి చూస్తాను. అది బరువుగా తిరిగితే, మిక్సీ మీద పెట్టకముందే జార్ విప్పుతాను.