ట్రాక్టరుకి ఫ్రంట్ లోడరు: ముందు బరువు, వెనక తగువు

ట్రాక్టరు ముందు బకెట్‌తో ఎత్తిపోయడానికి కట్టించిన లోడరు నిన్న సాయంత్రానికి ఒక దారికొచ్చింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను, చల్లారాక రాస్తే మొహమాటానికి సగం మింగేస్తాను.

మాది అనపర్తి వైపు. ఎటు చూసినా కోళ్ల ఫారాలే. ఫారాల్లో కోళ్ల పెంట ఎత్తించి కొబ్బరి తోటలకీ చేలకీ తోలడం నా వ్యాపారం. ఆ ఘాటుకి కూలీలు రావడం మానేశారు. జేసీబీని గంటల లెక్కన పిలిస్తే వచ్చిందంతా దానికే పోతోంది. ఉన్న 45 హెచ్‌పీ బండికే లోడరు కట్టిద్దామనుకున్నాను. సొసైటీలో అప్పు ఇబ్బంది లేకుండా దొరికింది. పవర్ స్టీరింగ్ బండికి ముందే ఉంది. అది లేనివాళ్లు లోడరు జోలికి పోకండి, భుజాలు పడిపోతాయి. క్రాంక్ పుల్లీ దగ్గర వేరే పంపు, పక్కన ఆయిల్ ట్యాంకు, పైపులు, లివర్లు అన్నీ ఒక్క పూటలో బిగించేశారు. ఆ కుర్రాళ్ల పనికి వంక పెట్టను.

పేచీ అంతా లోడరుని బండికి పట్టి ఉంచే ఫ్రేము దగ్గరే. హైవే పక్కన వర్క్‌షాపు ఆయన ఇంజనుకి రెండు వైపులా దళసరి ప్లేట్లు పెట్టి, ముందు సపోర్టుకీ క్లచ్ హౌసింగ్‌కీ బోల్టులు కొట్టి, "అయిపోయిందండీ, పెయింటు ఏ రంగు వేయమంటారు?" అన్నాడు.

"వెనక ఇరుసు దాకా వెళ్లే చేతులేవండీ?" అని అడిగాను.

"ఎందుకండీ దండగ? జిల్లా మొత్తానికి ఇలాగే వేస్తున్నాం. మీ ఒక్కరికే వచ్చింది డౌటు."

డౌటు ఎందుకు రాదు? లారీకి ఉన్నట్టు ట్రాక్టరుకి విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనక హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. బండికి వెన్నెముక అదే. బకెట్‌ని కుప్పలోకి గుచ్చినప్పుడు వచ్చే తోపుడంతా ఎక్కడో ఒకచోట ఆనాలి. ఫ్రేము పొడుగ్గా వెళ్లి వెనక ఇరుసు హౌసింగ్‌ని పట్టుకుంటే అది నేరుగా పెద్ద చక్రాలకి పోతుంది. మధ్యలోనే ఆగిపోతే ఇంజనుకీ క్లచ్ హౌసింగ్‌కీ మధ్య జాయింటు మీద పడుతుంది. ముందు ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది, తర్వాత బోల్టులు వదులవుతాయి, ఆ తర్వాత హౌసింగే పగులుతుంది. ఈ మాట చెబితే ఆయన నవ్వి, "మీరు ఇంజనీరింగ్ చదివారాండీ?" అన్నాడు. చదవలేదు. పదహారో ఏట నుంచి దమ్ము చేస్తున్నాను. కేజ్ వీల్స్ వేసుకుని మోకాలి లోతు ఊబిలోంచి బండిని బయటికి తెచ్చినవాణ్ణి, బండి ఎక్కడ మూలుగుతోందో సీటులో కూర్చుంటే తెలుస్తుంది.

చేతులు పెడితే తప్ప మిగతా డబ్బు ఇవ్వనని చెప్పేశాను. ఈలోగా ఫారం వాళ్లు తొందరపెడుతుంటే ఉన్నదానితోనే పని మొదలుపెట్టాను. అసలు అవమానం అక్కడ జరిగింది.

వాన పడి తడిసిన పెంట బరువుగా ఉంది. బకెట్ నింపుకుని షెడ్డు దగ్గర వాలు దిగుతున్నాను. ఎదురుగా లారీ. బ్రేకు తొక్కాను. వెనక చక్రాలు రెండూ ఠక్కున ఆగిపోయాయి, బండి మాత్రం ఆగలేదు. ఆగిన చక్రాలతోనే ఎర్రమట్టి మీద జారుకుంటూ పోయింది. బకెట్ కిందికి దించేశాను, పళ్లు నేలలో దిగబడి లారీకి జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫోన్ చేస్తే వర్క్‌షాపు ఆయన కారేసుకుని వచ్చాడు. లోడరు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ఫారం ఓనరూ లారీ డ్రైవర్లూ నిలబడి చూస్తుండగా, "బండిలో లోపం ఏం లేదండీ, సీటులో ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. నా దగ్గర పనిచేసే కుర్రాడు కూడా నవ్వాడు, ఆపుకోవడానికి అటు తిరిగాడు గానీ భుజాలు కదులుతుంటే కనబడింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

దారి చూపించింది మా సెంటర్లో టైర్ల సాయిబు గారు. బోర్డు లేని కొట్టు. సంగతి విని ఒక్కటే అడిగారు: "ట్రాక్టరుకి బ్రేకులు వెనక చక్రాలకే కదా బాబూ? అవి నేలని అదిమిపట్టకపోతే నువ్వు బ్రేకు ఎంత తొక్కితే ఏం లాభం? ముందు కాటా వేయించుకురా."

వేబ్రిడ్జికి వెళ్లాను. మొత్తం బండికి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒకసారి, వెనకవి మాత్రమే పెట్టి ఇంకోసారి తూచమంటే అక్కడి కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వదిలి, బకెట్ నేలకి ఆనకుండా కిందికి దించి తూకం వేయించండి. ప్లాట్‌ఫారమూ పక్క నేలా సమానంగా లేకపోతే లెక్క తేడా వస్తుంది.

లోడరు కట్టకముందు నా బండి ముందు 780 కిలోలు, వెనక 1,240. పాత స్లిప్పు ఉంది కాబట్టి చెబుతున్నాను. లోడరు కట్టాక ఖాళీ బకెట్‌తో ముందు 1,360, వెనక 1,140. బకెట్‌లో 500 కిలోలు వేస్తే ముందు 2,260, వెనక 740! వేసింది 500 అయితే ముందు ఇరుసు మీద పెరిగింది 900. మిగతా 400 వెనక నుంచి లాక్కుంది. బకెట్ ముందు ఇరుసుకి మీటరున్నర పైన అవతల వేలాడుతోంది, రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 2 మీటర్లు. కావిడి మోసినవాడికి ఇది వివరించక్కర్లేదు. ముందు ఇరుసు భుజమైతే, ముందు కుండ బరువెక్కేకొద్దీ వెనకది పైకి లేస్తుంది.

స్లిప్పులు పట్టుకెళ్లి వర్క్‌షాపు ఆయన టేబుల్ మీద పెట్టాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "అయితే వెనక చక్రాలకి ఇనప వెయిట్లు వేయించుకోండి, మన దగ్గరే ఉన్నాయి, మీకు తగ్గించి ఇస్తాను" అన్నాడు. దెబ్బ తగిలించి మందు కూడా తనే అమ్ముకోవాలి! మన దగ్గర ఇదో జబ్బు. ఇనుము మందం చూపించి, రంగు చూపించి అమ్ముతారు. బరువు ఎక్కడికి పోతుందని అడిగితే కొన్నవాణ్ణి వెర్రివాడిలా చూస్తారు.

ఆ వెయిట్లు నేను కొనలేదు. సాయిబు గారు వెనక టైర్లలో నీళ్లు పట్టించారు. జాకీ ఎత్తి, వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి, ఆ మట్టానికి నీళ్లు నింపితే టైరులో ముప్పాతిక వంతు నిండుతుంది. పైన గాలికి చోటు ఉంచాలి. నావి 13.6-28 టైర్లు, ఒక్కోదానికి 180 లీటర్ల దాకా పట్టాయి. వెనక 740 కాస్తా 1,100 అయింది, పట్టు వచ్చింది. కానీ ముందు 2,260 అలాగే ఉంది, ఒక్క కిలో కూడా తగ్గలేదు. చక్రంలో పోసిన నీళ్లయినా, చక్రానికి బిగించిన ఇనుమైనా వెనక ఇరుసు మీదే కూర్చుంటాయి. ముందు ఇరుసుకి ఊరట కావాలంటే వెనక ఇరుసుకి అవతల, పనిముట్లు తగిలించే లింకులకి బరువు వేలాడాలి.

పాత 200 లీటర్ల డ్రమ్ములో లింకు పిన్నులూ టాప్ లింక్ బ్రాకెట్టూ వెల్డింగ్ చేయించి కాంక్రీటు పోయించాను. దగ్గర దగ్గర 480 కిలోలు. ఇరుసుకి మీటరు వెనక వేలాడదీసి, ఊగకుండా పక్క గొలుసులు బిగించాను. మళ్లీ కాటా: ముందు 2,020, వెనక 1,820. ముందు 240 దిగింది, వెనక 720 ఎక్కింది. ఆ స్లిప్పు లామినేషన్ చేయించాను. ఇప్పుడు అదే వాలు, అదే బకెట్, బ్రేకు తొక్కితే నిలబడుతోంది. వేబ్రిడ్జి కుర్రాడు ఇప్పుడు నన్ను సార్ అంటున్నాడు.

డ్రమ్ము ఉన్నంతసేపూ ఆ బండికి ట్రక్కు తగిలించడం కుదరదు, ట్రక్కుకి వేరే బండి ఉండాలి. ముందు టైర్లు 6.00-16 తీసేసి రిమ్ములతో సహా 7.50-16 వేయించాను. ముందు ఇరుసుకి కంపెనీ పెట్టిన పరిమితి మాన్యువల్‌లో చూసుకోండి, డ్రమ్ము ఉంది కదా అని దాన్ని దాటకండి. లోడుతో కదిలేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తు దాటనివ్వకండి. బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 గానీ 10.9 గానీ అంకె లేకపోతే తిప్పి పంపేయండి. నా ఫ్రేములో సగం బోల్టులకి ఏ అంకే లేదు, అన్నీ నా డబ్బుతో మార్పించాను. మొదటి పది గంటల పని అయ్యాక అన్నీ మళ్లీ బిగించుకోవాలి, కొత్త ఫ్రేము కచ్చితంగా సర్దుకుంటుంది.

వెనక చేతులు చివరికి వేశాడు. స్లిప్పులు చూశాక వేశాడో, డబ్బు ఆగిందని వేశాడో నాకనవసరం. ఇప్పుడు మిగతా సొమ్ము కోసం పొద్దున్నా సాయంత్రం ఫోన్లు. బోల్టుల ఖర్చు, కాటా ఖర్చు తీసేసి ఇస్తానన్నాను. కాటా ఖర్చు తనకి సంబంధం లేదంటున్నాడు. సంబంధం ఉంది.