మూడు నిరోధకాల వలయం

ఈ రాత్రి ఒక చిన్న వలయంతో గంటసేపు కుస్తీ పట్టాను. 12 వోల్టుల బ్యాటరీకి 2 ఓమ్‌ల నిరోధకం శ్రేణిలోనూ, దాని తరువాత 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధకాలు ఒకదానికొకటి సమాంతరంగానూ ఉన్నాయి. 12ను నేరుగా 6తో భాగించి ఆ శాఖలో 2 ఆంపియర్లు ప్రవహిస్తాయని రాసుకున్నాను, అది తప్పు. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే విద్యుత్ ప్రవాహం వస్తుందని ఓమ్ అనే శాస్త్రవేత్త 1827లో ప్రకటించిన నియమాన్ని ఏ నిరోధకానికి వర్తింపజేస్తామో, దాని రెండు కొనల మధ్య ఉన్న వోల్టేజీనే తీసుకోవాలన్న సంగతి (సూత్రం కంఠతా వచ్చినంత మాత్రాన ఇది తెలిసినట్టు కాదు) అప్పుడు గాని నాకు బోధపడలేదు.

సమాంతర జంటకు తుల్య నిరోధం (ఆ రెండింటి బదులు ఒకే నిరోధకం పెడితే దానికి ఉండాల్సిన విలువ) 2 ఓమ్‌లు. మొత్తం 4 ఓమ్‌లు. బ్యాటరీ నుంచి 3 ఆంపియర్లు. తొలి నిరోధకం వద్ద 6 వోల్టులు పడిపోగా, మిగిలిన 6 వోల్టులే రెండు శాఖల కొనల మధ్యా ఉంటాయి కనుక వాటిలో వరుసగా 1, 2 ఆంపియర్లు ప్రవహిస్తాయి. కూడితే మళ్ళీ 3 ఆంపియర్లే, ఒక కూడలిలోకి వచ్చే ప్రవాహం అక్కడి నుంచి పోయే ప్రవాహాల మొత్తానికి సమానమని శాస్త్రవేత్త కిర్కాఫ్ 1845లో చెప్పినట్టుగానే. బ్యాటరీ ఇచ్చే 36 వాట్లు మూడు నిరోధకాల్లో 18, 6, 12 వాట్లుగా సరిగ్గా సరిపోయినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.