వేంకటసుబ్బమ్మ పేరు

నిద్ర పట్టడం లేదు. పొద్దున బారసాలలో, పళ్లెంలో పోసిన బియ్యం మీద అన్నయ్య కొడుకు ఉంగరంతో ‘వేదాన్షి’ అని రాసినప్పటి నుంచీ మనసు అక్కడే తిరుగుతోంది.

పాప పుట్టింది మృగశిర మొదటి పాదంలో. అక్షరం ‘వే’. వారం రోజులుగా ఫోనుల్లో పేర్లు వెతుకుతూనే ఉన్నారు. నేను ఒక్క మాట అన్నాను: “నాయనమ్మ పేరు వేంకటసుబ్బమ్మ కదా, అక్షరం కూడా కలిసింది. సుబ్బులు అని పిలుచుకుందాం.” అందరూ ఒక్కసారిగా నవ్వారు. వదిన అయితే కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. “ఈ పిల్ల పెద్దయ్యాక నిన్ను తిట్టుకుంటుంది” అంది.

వేదాన్షి అన్న పేరు విని ఆ పిల్ల ఏ ఊరిదో ఎవరైనా చెప్పగలరా? నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ, పైడితల్లి అంటే విజయనగరం, తిరుపతమ్మ అంటే పెనుగంచిప్రోలు, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. పిల్లలు నిలవని ఇంట్లో సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ సుబ్బమ్మో నాగమ్మో అయ్యేది. సినిమాల్లో సూర్యకాంతం గయ్యాళితనం చూసి ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానేశారంటారు. దానికైనా ఒక కారణం ఉంది. సుబ్బమ్మ ఎవరికి ఏం చేసిందని?

నాయనమ్మను ఊళ్లో ఎవరూ సుబ్బమ్మ అనేవారు కాదు. పుల్లమ్మ అనేవారు. నాకు పదేళ్లప్పుడు, ఆవిడ పెరట్లో కూర్చుని ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తుంటే, పక్కింటి వాళ్ల ముందు నేనూ “పుల్లమ్మా” అని పిలిచి నవ్వాను. తుడిచే చేయి ఆగింది. వాళ్లు వెళ్లేదాకా ఏమీ అనలేదు. తరువాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. “నాకు ముందు పుట్టినవాళ్లు ఇద్దరూ పోయారే. నేనైనా దక్కాలని మా అమ్మ నన్ను పుల్లివిస్తరాకుల మీద పడుకోబెట్టిందట. ఎంగిలాకుల్లో పిల్లనైతే మృత్యువు ముట్టుకోదని. అది మా అమ్మ భయపడి పెట్టిన పేరు. నాకు వేరే పేరుంది.”

ఆ వేరే పేరు రాయడానికే, తాతయ్య పోయాక, నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకుంది. పింఛను కోసం వెళితే వేలిముద్ర వేయనంది. ‘బ్బ’ దగ్గర ఊపిరి బిగబట్టి రాసేది. వెనక వరుస పెరిగిపోతుంటే గుమాస్తా విసుక్కున్నాడు, “సుబ్బమ్మ అని రాస్తే చాలదా?” అని. “నా పేరు అంత ఉంది నాయనా” అని మొత్తం రాసింది. చోటు చాలక చివరి ‘మ్మ’ గీత దాటి పైకి ఎక్కింది.

ఇంతవరకు రాసి ఆగాను. మరి పొద్దున నేను అడిగింది ఏమిటి? సుబ్బులు. ఆవిడ ఎవరినీ కత్తిరించనివ్వని పేరును నేనే కత్తిరించి చేతికిచ్చాను. పైగా పదిమందిలో నవ్వించే పేరు మోయడం ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసినట్టు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బతికి ఉంటే, పాపకు ఆ పేరు వద్దని మొదట చెప్పేది ఆవిడేనేమో. వేదాన్షి అయితే అయింది, మోసేది ఆ పిల్ల.

వదిన నవ్వు మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పేరు వద్దంటే వద్దనవచ్చు, అంతగా నవ్వాలా?

పాప ముద్దుగా ఉంది, చెప్పనే లేదు. ఉయ్యాలలో వేయగానే గుప్పిట బిగించి ఆవలించింది. అప్పుడే అందరూ “చిట్టీ, చిట్టీ” అంటున్నారు, వదినతో సహా.

ఆ పింఛను పుస్తకం ఎవరి దగ్గర ఉందో రేపు అన్నయ్యను అడగాలి.